పల్లి చేన్లలో అడవి పందికి 180 గ్రెయిన్ బాండెడ్: చాలాకాలం వాడాక

అటవీ శాఖ అనుమతి పత్రంతో, అడవి హద్దు బయట పంట కాపాడే లైసెన్సు షూటర్ల కోసం ఇది. 30-06 రైఫిల్ సంగతి అందరికీ ఎరుకే. దాంట్లో వాడే 180 గ్రెయిన్ బాండెడ్ తూటా (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) పంది ఒంట్లోకి దిగాక ఏమవుతుందో అది మాత్రమే రాస్తున్నా.

దుకాణంలో ముందుగా చేతిలో పెట్టేది 150 గ్రెయిన్ మామూలు సాఫ్ట్ పాయింట్, అంటే మొన దగ్గర మెత్తటి సీసం బయటకు కనబడే తూటా. సెకనుకు 2,900 అడుగుల వేగం, గీత గీసినట్టు పోతుందంటారు. పోతుంది, నిజమే. మన దగ్గర చేటు తెచ్చేది ఆ వేగమే. అచ్చంపేట, దేవరకొండ పక్క చేన్లలో రాత్రి లైటు వేస్తే పంది కనబడేది 40, 50 గజాల్లోనే. అక్కడ తూటా వేగం ఇంకా 2,750 దాకా ఉంటుంది. ముదురు మగపందికి భుజం మీద చర్మం కింద గట్టి డాలు లాంటి పొర ఉంటుంది, పైన బురద ఎండి ఉంటుంది, లోపల భుజం ఎముక. మామూలు తూటాలో సీసాన్ని రాగి తొడుగులో ఒత్తి బిగిస్తారు, అంతే. ఆ డాలు తగలగానే ఒక్కోసారి మొన తొందరపడి విచ్చుకుంటుంది, తొడుగు చీలుతుంది, సీసం విడిపోయి ముక్కలవుతుంది. అప్పుడు పైన పెద్ద గాయమే, ఊపిరితిత్తుల దాకా చేరేది తక్కువ. గాయపడ్డ పంది పక్క మక్క చేన్లో దూరుతుంది. చీకట్లో దాని వెంట పోవడం కన్నా ప్రమాదమైన పని ఇందులో లేదు.

180 గ్రెయిన్ బాండెడ్‌లో సీసం తొడుగుకు అతికి ఉంటుంది. వేగం 2,700, బరువు 30 గ్రెయిన్లు ఎక్కువ. భుజం ఎముక విరిచి ముందుకే పోతుంది. పూడ్చే ముందు తడిమి చూస్తే చాలాసార్లు అవతలి చర్మం కిందే దొరుకుతుంది: పుట్టగొడుగులా విచ్చుకుని, రాగి, సీసం ఒకే ముద్దగా. పంది ఏటవాలుగా నిలబడ్డా నమ్మొచ్చు. నాకు ఈ తూటా మీద అంత మక్కువ అందుకే.

అయితే చిన్న ఆడపందికి, ఎముక తగలకుండా పక్కటెముకల మధ్య తగిలితే, ఇదే తూటా పెద్దగా వేగం తగ్గకుండా అవతలికి పోతుంది. వెనక బోరు షెడ్డు ఉండొచ్చు, రాత్రి నీళ్లు పెట్టే రైతు ఉండొచ్చు. మంచె పది పన్నెండు అడుగుల ఎత్తున కట్టి, కిందికి వాలుగా, వెనక ఎర్ర చెలక మట్టి ఉన్నప్పుడే కొట్టాలి. నల్లగొండ గుట్టల కింద వెనక బండ ఉంటే అసలు వద్దు, తూటా ఎటు ఎగిరిపడుతుందో ఎవరూ చెప్పలేరు.

చెరువు శిఖం లాంటి బయలులో 200 గజాల మాట వేరు. అక్కడికి 150 గ్రెయిన్ తూటా వేగం 2,300 దరికి దిగి, అదీ బుద్ధిగా పనిచేస్తుంది. నా తిట్లు దగ్గరి దూరాలకే. 180ని 100 గజాల్లో గురికి అంగుళమున్నర పైన తగిలేలా జీరో చేస్తే (అంటే గురి సరిచేస్తే) 200 దగ్గర ఒకటి రెండు అంగుళాలే కిందికి తగులుతుంది. .315 రైఫిల్ వాడేవాళ్లకు ఈ బాధ లేదు, బరువైన నిదానం తూటా కాబట్టి దగ్గర బాగా దిగుతుంది. వంద గజాలు దాటితే మాత్రం త్వరగా జారిపోతుంది.

బరువు మారిస్తే మళ్లీ జీరో తప్పదు, పక్కకు కూడా జరగొచ్చు. రెండు రకాలూ ఒకే మ్యాగజీన్‌లో కలపొద్దు. మే నెల పాలమూరు ఎండలో తూటాలు కారులో వదిలేయకండి. లోపలి మందు వేడెక్కితే ఒత్తిడి పెరిగి రైఫిల్ బోల్ట్ (తూటా ఎక్కించి మూసే గడియ) పట్టేయొచ్చు.

నావి ఎక్కువగా మంచె మీంచి 60 గజాల లోపు, వెనక మట్టి ఉన్న చోట్లు. అందుకే నాకు బాండెడ్. ఇళ్ల దగ్గరి చదును చేన్లలో అయితే మామూలు 180 సాఫ్ట్ పాయింటే తీసుకుంటాను, అదీ వెనక మట్టి ఉంటేనే. లైసెన్సులో తూటాల కోటా తక్కువుంటే, జీరోకు పోయేవి లెక్కేసుకుని, ఇప్పుడున్న రకంతోనే దగ్గర షాట్లు మానుకోవడం మేలేమో.