రోబోతో గర్భసంచి ఆపరేషన్: విశాఖలో చేసి, బరంపురంలో ఫాలోఅప్ చూశాక

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం నుంచి వచ్చేవాళ్ళకు విశాఖలో డావిన్సీ ఎక్స్‌ఐ అనే సర్జరీ రోబో మీద గర్భసంచి తీసి, ఫాలోఅప్ బరంపురంలో చూస్తున్నాం. ఈ యంత్రం గొప్పతనమంతా కుట్టు వెయ్యడంలో ఉంది. ముప్పూ అక్కడే.

పోర్టులు, అంటే పరికరాలు లోపలికి దూర్చే గొట్టాలు, బొడ్డుకు కాస్త పైన ఒకే వరుసలో, 8 సెంటీమీటర్ల ఎడంతో పెడతాం. గ్యాస్ నింపి పొట్ట పొంగాకే కొలవాలి. దగ్గరైతే రోబో చేతులు ఒకదానికొకటి తగులుతాయి. గొట్టం మీది మందపాటి నల్ల గీత సరిగ్గా పొట్టగోడలో ఉండాలి. జరిగితే చెయ్యి కదిలినప్పుడల్లా ఆ గాయం లాగుతుంది. తల వాల్చాక మనిషి జారినా అంతే. అందుకే వీపు కింద జారని ఫోమ్ తప్పనిసరి.

కరెంటుతో కోసే మోనోపోలార్ కత్తెర మీది తొడుగు ప్రతి కేసులోనూ చూడాలి. దాని కింద కత్తెర మీది నారింజ రంగు కొంచెం కనిపించినా అది సరిగ్గా ఎక్కలేదన్నమాట. తొడుగు చిరిగితే కరెంటు పక్కకు పాకి పేగునో మూత్రనాళాన్నో కాలుస్తుంది. అది వెంటనే తెలియకపోవచ్చు.

ఇక కుట్టు. మణికట్టులా తిరిగే నీడిల్ డ్రైవర్‌తో లోతులోనూ హాయిగా వెయ్యొచ్చు. కానీ ఎక్స్‌ఐలో చేతికి స్పర్శ అందదు, బిగువు కంటితోనే అంచనా వెయ్యాలి. దారాన్ని మధ్యలో పట్టి లాగితే నలిగి తెగుతుంది. గర్భసంచిని విడదీయడానికి యోని పైకొన కోసేటప్పుడు కోగ్ (కరెంటుతో మాడ్చే మోడ్) వద్దు, కట్ మోడ్ వాడండి. మాడిన అంచు మానదు. ఆ కొనను మూసే కుట్టు అంచు నుంచి సెంటీమీటరు లోపల, లోపలి పొరనూ ఫేషియానూ (దాన్ని పట్టి ఉంచే గట్టి పొర) కలిపి పడాలి. పెద్దగా కనిపించే తెర మీద అర సెంటీమీటరు కూడా చాలా అనిపిస్తుంది, అక్కడే కొత్తవాళ్ళు మోసపోతారు.

మామూలు సైజు గర్భసంచికి లాప్రోస్కోపీ (రోబో లేకుండా చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) చాలు, ఖర్చు కూడా తక్కువ. అతుకులు బాగా ఉన్న ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), గోడలో లోతుగా ఉన్న గడ్డలు, బాగా లావైనవాళ్ళు: వీళ్ళకు రోబో నిజంగా పనికొస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మాత్రం మేం పొట్ట కోసే చేస్తాం. 2018 నాటి లాక్ (LACC) అధ్యయనంలో చిన్న రంధ్రాలతో చేయించుకున్నవాళ్ళకంటే ఓపెన్ చేయించుకున్నవాళ్ళే మెరుగ్గా బతికారు.

యోని పైకొన కుట్టు విడిపోయేది తరచు ఇంటికెళ్ళిన కొన్ని వారాలకు, కలయిక తర్వాత. డిశ్చార్జి కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ ఇచ్చి, భర్తను కూడా కూర్చోబెట్టి చెప్పాలి: 8 వారాలు కలవొద్దు, బరువులెత్తొద్దు. నీళ్ళలా కారినా, రక్తం పడినా ఆరోజే చూపించుకోవాలి. పేగులాంటిదేదైనా యోనిలోంచి బయటికి జారితే లోపలికి నెట్టకుండా, శుభ్రమైన తడిబట్ట కప్పి, విశాఖ బండి కోసం చూడకుండా దగ్గర్లో ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి.