ఇసుక దిబ్బకు ఏది మేలు: గడ్డా, చెట్టా, గోడా?

గాలి వీచేటప్పుడు సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బ మీద కాసేపు కూర్చుని చూడండి. ఇసుక రేణువులు చాలా వరకు మోకాలి ఎత్తు దాటవు. నేలను ఆనుకుని గెంతుతాయి, పడినచోట మరికొన్నిటిని లేపుతాయి. అంటే అడ్డు ఉండాల్సింది కిందనే.

అక్కడ ఉండేవి గడ్డి, తీగలు. రావణాసురుడి మీసాలు, బాలబంది తీగ లాంటివి. ఆకుల మధ్యకు వచ్చేసరికి గాలి మందగించి, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే వదిలేస్తుంది. మామూలు మొక్కయితే అందులో కూరుకుపోయి చచ్చిపోతుంది. ఇవి కణుపుల దగ్గర కొత్త వేళ్లు వేసుకుంటూ పైకి వస్తాయి, దిబ్బ కూడా వాటితోపాటు పెరుగుతుంది. యూరప్ తీరాల్లోని మారమ్ గడ్డికైతే కొత్త ఇసుక పడడం ఆగిపోతేనే నీరసం! స్కాట్లాండ్‌లో కల్బిన్ ఎస్టేట్ 1694లో ఇసుక పాలయ్యాక, మరుసటి ఏడాదే అక్కడి పార్లమెంటు ఈ గడ్డి పీకడాన్ని నిషేధించింది.

మరి సరుగుడు? గాలి వేగాన్ని బాగా తగ్గిస్తుంది, వెనకున్న పొలాలకు మేలు చేస్తుంది. కానీ రాలిన రెమ్మలు మందంగా పరుచుకుని కింద ఇంకేదీ మొలవనివ్వవు. అలల అంచున నాటితే వేళ్ల కింది ఇసుక కోసుకుపోయి చెట్టే కూలుతుంది. ఫ్రాన్స్‌లోని లాండ్ తీరంలో పైన్ అడవి పెంచినవాళ్లు కూడా సముద్రం వైపు గడ్డి దిబ్బనే నిలబెట్టారు.

గోడ తన వెనకున్న ఇంటిని కాపాడుతుందేమోగానీ బీచ్‌ని కాపాడదు. దాన్ని కొట్టి వెనక్కి మళ్లిన అల ముందున్న ఇసుకను తవ్వుకుపోతుంది. దిబ్బ అలా కాదు. తుఫానులో కొంత ఇసుక వదులుకుంటుంది, శాంతించాక అలలు అందులో చాలా వరకు ఒడ్డుకు చేరుస్తాయి, గాలి మళ్లీ గడ్డి దగ్గర పోగేస్తుంది.

అందుకే నా ఓటు ముందు వరుసలో గడ్డికి, చెట్లకు వెనక వరుసలో. పెద్ద తుఫాను అలల ముందు గడ్డి ఒక్కటే నిలవలేదు, ఒప్పుకుంటాను. అది ఎదగడానికి ఏళ్లు పడుతుంది, మనుషుల అడుగులకు మాత్రం ఇట్టే చచ్చిపోతుంది. ఒక్క కాలిబాట చాలు, గాలి అక్కడ దూరి దిబ్బను గుంట చేస్తుంది. నాటే ముందు నడవడానికి చెక్క బాట వేయండి. గడ్డి కూడా ఆ తీరానిదే అయి ఉండాలి. అమెరికా పసిఫిక్ తీరానికి తెచ్చిన మారమ్ గడ్డి ఇసుకనైతే ఆపింది, కానీ అక్కడి సొంత మొక్కలను తరిమేసింది.