పెద్ద రిపేరున్న చవక పాత బండి: ఏది కొనొచ్చు, ఏది వదిలేయాలి

“ఇంజన్ పని కొంచెం ఉంది, అందుకే ఈ రేటుకిస్తున్నాం” అని అమ్మేవాళ్లు చెప్పినప్పుడు ఆ రేటును మొదటి వాయిదా కింద లెక్కేసుకోవాలి. మిగతా వాయిదాలు లేత్ షాపులో, స్పేర్ పార్టుల కౌంటర్లో, మెకానిక్ దగ్గర కట్టాలి. అవన్నీ కలిపాక కూడా బండి లాభమేనా అన్నది కొనకముందే చాలావరకు తేల్చుకోవచ్చు. అందుకు ఓ గంట సమయం, ఓ కంప్రెషన్ గేజి (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచేది), ఓ మల్టీమీటర్, టార్చిలైటు ఉంటే చాలు.

ఈ సమీక్ష ముఖ్యంగా 100 నుంచి 200 సీసీ మధ్య ఉండే, గాలికి చల్లబడే, సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ బండ్ల గురించి. మా తీర్పు ముందే చెబుతాం. చాసిస్ తిన్నగా ఉండి, పార్టులన్నీ బండి మీదే ఉండి, హాఫ్ ఇంజన్ పని మాత్రమే మిగిలితే నిస్సంకోచంగా కొనొచ్చు. ఫుల్ ఇంజన్ పని ఉంటే కాగితం మీద లెక్క తేలాకే కొనాలి. చాసిస్ దెబ్బతిన్నదీ, ఎవరో విప్పేసి బస్తాలో పోసిందీ ఊరికే ఇచ్చినా వద్దు.

హాఫ్ ఇంజన్ పని అంటే హెడ్డు, బ్లాకు, పిస్టన్ వరకే. కావలసినవి: పిస్టన్ కిట్ (పిస్టన్, రింగుల సెట్టు, పిన్ను, రెండు సర్‌క్లిప్పులు), హెడ్ గ్యాస్కెట్, బేస్ గ్యాస్కెట్, వాల్వు సీళ్లు, అరిగిపోతే వాల్వులూ గైడ్లూ, సాగిపోతే టైమింగ్ చైనూ టెన్షనరూ. దీనికి బోరింగ్ పని, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను (బోరును) కొంచెం పెద్దదిగా కోయించడం, తోడవుతుంది. ఇంజన్ కేసు విప్పనక్కర్లేదు. ఫుల్ ఇంజన్ అంటే కేసును రెండుగా విడదీసి క్రాంకు, కనెక్టింగ్ రాడ్డు, మెయిన్ బేరింగులు, గేర్లు చూడటం. ఇక్కడ ఖర్చంతా పార్టుల్లోనే ఉండదు. క్రాంకును హైడ్రాలిక్ ప్రెస్ మీద విడదీసి, కొత్త రాడ్డు కిట్ ఎక్కించి, డయల్ గేజి పెట్టి ట్రూ చేయగల (వంకర లేకుండా తిరిగేలా సర్దగల) లేత్ పనివాడు దొరకాలి. ఆ ట్రూయింగ్ సరిగ్గా రాకపోతే కొత్త బేరింగులు కూడా త్వరగానే అరుస్తాయి. పార్టులు కొనడం తేలిక, ఈ పని తెలిసిన చెయ్యి దొరకడమే కష్టం. కాబట్టి ఫుల్ ఇంజన్ బండి గురించి ఆలోచించే ముందు అలాంటి మనిషి అందుబాటులో ఉన్నాడో లేదో కనుక్కోండి.

బండి దగ్గరికి వెళ్లగానే స్టార్ట్ చేయొద్దు. ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొరాయిస్తుందేమో అనుమానించాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగండి, లేదా మరో రోజు రండి. ఆ తర్వాత ఆయిల్ చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. వేళ్ల మధ్య రుద్దితే వెండి పొడిలా మెరిస్తే లోపల ఏదో లోహం అరుగుతోంది. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే డ్రెయిన్ బోల్టు విప్పి కొంచెం ఆయిల్ పట్టి చూడటం ఇంకా మంచిది, అడుగున చేరిన ముక్కలు అప్పుడే బయటపడతాయి. డ్రెయిన్ బోల్టు మర పోయిందా, ఎంసీల్ లాంటిది పూసి ఆపారా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

స్టార్ట్ చేశాక పొగ రంగు చూడాలి. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. స్టార్ట్ అయిన మొదటి నిమిషంలో వచ్చి తగ్గిపోతే చాలాసార్లు వాల్వు సీళ్లే కారణం, అది చిన్న పని. ఎక్సిలేటర్ ఇచ్చిన ప్రతిసారీ వస్తుంటే రింగులు, బోరు అరిగాయి. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ పోతోంది, దీనికి ఇంజన్ విప్పాల్సిన పని సాధారణంగా ఉండదు. కార్బొరేటర్, ఎయిర్ ఫిల్టర్ చూస్తే సరిపోతుంది. ఉదయం పూట కనిపించి మాయమయ్యే తెల్ల ఆవిరిని పట్టించుకోవద్దు.

కంప్రెషన్ పరీక్ష మాత్రం వదలొద్దు. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గు తీసి గేజి బిగించి, ఎక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక పైకి కదలనంతవరకు కిక్కు కొట్టాలి. ఎక్సిలేటర్ తిప్పకుండా కొడితే గాలి లోపలికి రాక రీడింగ్ తక్కువ చూపిస్తుంది, మంచి ఇంజన్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. ఈ తరహా బండ్లలో ఆరోగ్యంగా ఉన్నవి ఎక్కువగా 150 పీఎస్ఐకి (ఒత్తిడి కొలమానం) అటూ ఇటూ లేదా అంతకు పైన చూపిస్తాయి. 100 కంటే కింద ఉంటే పని ఉన్నట్టే. కొన్ని మోడళ్లలో క్యామ్ మీద డికంప్రెషన్ ఏర్పాటు (కిక్కు తేలికయ్యేలా కొంత ఒత్తిడి వదిలేది) ఉంటుంది కాబట్టి అంకె సహజంగానే తక్కువొస్తుంది, ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఎంత ఉండాలో చూసుకుని వెళ్లండి. అంకె తక్కువొస్తే ప్లగ్గు రంధ్రంలో ఓ టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. రీడింగ్ బాగా పెరిగితే లోపం రింగుల్లో, బోరులో ఉంది. పెరక్కపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయింది. రెండూ హాఫ్ ఇంజన్ పనులే, కానీ వాల్వుదైతే బోరింగ్ ఖర్చు తప్పవచ్చు.

తర్వాత చెవి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి వింటే శబ్దం ఎక్కడిదో తేలికగా తెలుస్తుంది. హెడ్డు పైనుంచి సన్నగా టిక్ టిక్ అంటే ట్యాపెట్ గ్యాప్ (వాల్వు కొన దగ్గరుండే సన్నని సందు) సర్దితే పోవచ్చు. బ్లాకు పక్కనుంచి గలగలా చప్పుడైతే టైమింగ్ చైను. క్లచ్ లివర్ పట్టుకుంటే శబ్దం మారినా, ఆగినా క్లచ్ హౌసింగ్ వైపు చూడాలి. కిందనుంచి బరువుగా టక్ టక్ మని, ఎక్సిలేటర్ ఇస్తే పెరిగితే కనెక్టింగ్ రాడ్డు పెద్ద వైపు బేరింగు పోయింది. వేగంతోపాటు పెరిగే గుర్రుమనే శబ్దం మెయిన్ బేరింగులది. ఈ చివరి రెండింటిలో ఏది వినిపించినా అది ఫుల్ ఇంజన్ బండే, పైన పిస్టన్ ఎంత బాగున్నా సరే. గేర్లన్నీ వేసి నడపండి. బరువు పడినప్పుడు ఏదో ఒక గేరు జారి న్యూట్రల్‌లోకి పోతుంటే గేర్లను ఒకదానికొకటి పట్టించే డాగులు అరిగాయి, లేదా షిఫ్ట్ ఫోర్కు వంగింది. దానికీ కేసు విప్పాల్సిందే.

ఇంజన్ అసలు తిరగకుండా పట్టేసిన బండ్లు చవగ్గా దొరుకుతాయి. వాటిలో రెండు రకాలు. వాడకుండా పడుండి పట్టేసినదైతే రింగులు తుప్పుతో బోరుకు అంటుకుని ఉంటాయి. ప్లగ్గు రంధ్రంలో తుప్పు వదిలించే ఆయిల్ పోసి కొన్నాళ్లు నానబెట్టి, టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపితే చాలాసార్లు వదులుతుంది. బోరింగ్ చేయించాల్సి వచ్చినా కింది భాగం బతికే ఉండే అవకాశం ఉంది. నడుస్తూ నడుస్తూ పట్టేసినదైతే ఆయిల్ లేకుండా నడిపిన బండి అయ్యుంటుంది. ఆయిల్ ఆగితే పిస్టన్ ఒక్కటే కాదు, క్యామ్ కూర్చునే చోటూ రాడ్డు బేరింగూ కూడా దెబ్బతింటాయి. టూ స్ట్రోక్ అయితే ఇంకో సంగతి: క్రాంకు సీళ్లు అరిగి బయటి గాలి లాగడం వల్ల కూడా పిస్టన్ పట్టేస్తుంది. సీళ్లు మార్చకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ పట్టేస్తుంది.

బోరింగ్ ఇంకా మిగిలి ఉందా అన్నది చాలామంది అడగరు, అడగాల్సింది అదే. ఓవర్ సైజు పిస్టన్లు (పెంచిన బోరుకు సరిపోయేవి) సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల చొప్పున వస్తాయి. సైజు పిస్టన్ తల మీద అచ్చు కొట్టి ఉంటుంది. ఫోన్‌కు తగిలించే చిన్న బోరోస్కోప్‌ను ప్లగ్గు రంధ్రంలోంచి దింపితే, మసి మరీ మందంగా లేకపోతే ఆ అంకె కనిపిస్తుంది. చివరి సైజు అయిపోయి ఉంటే బ్లాకు లోపల కొత్త స్లీవు (లోహపు గొట్టం) వేయించాలి, లేదా బ్లాకే మార్చాలి. నికాసిల్ అనే గట్టి నికెల్ పూత ఉన్న అల్యూమినియం బ్లాకుకు మామూలు బోరింగ్ కుదరదు, అది అరిగితే బ్లాకు మార్చడమో మళ్లీ పూత వేయించడమో చేయాలి.

ఇంజన్‌ను ఎంత ఖర్చయినా బాగుచేయొచ్చు. వంగిన చాసిస్‌తో మాత్రం ప్రాణం మీదికొస్తుంది. హ్యాండిల్ తిరుగుడును ఆపే స్టాపర్ నొక్కుకుపోయిందా, వెల్డింగ్ ఆనవాళ్లున్నాయా, స్టీరింగ్ మెడ దగ్గర మాత్రం కొత్త పెయింటు ఉందా చూడండి. పక్కనుంచి చూస్తే ముందు ఫోర్కు గొట్టాలు రెండూ ఒకే గీతలో కనిపించాలి. వెనక టైరు రెండు పక్కలకూ తాడు పట్టి ముందు చక్రం దాకా లాగితే, ముందు చక్రానికి రెండు వైపులా సమానమైన ఖాళీ రావాలి. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో తట్టి ఆగితే కోన్ సెట్టు (స్టీరింగ్ బేరింగులు) పోయింది, అది మార్చుకోదగ్గ పార్టే. వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ పట్టుకుని పక్కలకు ఊపితే కదలకూడదు. ఫోర్కు గొట్టం మీద సీలు జారే చోట తుప్పు గుంటలుంటే సీళ్లు ఎన్ని మార్చినా కారుతూనే ఉంటాయి, గొట్టం మార్చాలి.

చిన్నవిగా కనిపించేవాటి మొత్తం పెద్దది. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గుబ్బలు బాగున్నా రబ్బరు పాతబడి పగుళ్లిస్తే మార్చాల్సిందే. వెనక పళ్ల చక్రం మీద చైనును వెనక్కి లాగితే పన్ను సగం బయటపడితే చైను సెట్టు పోయింది. ఇంజన్ ఆపి బ్యాటరీ కొలిస్తే 12.6 వోల్టుల చుట్టూ, స్టార్ట్ చేసి వేగం పెంచితే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. పెరక్కపోతే స్టేటర్ కాయిల్ గానీ రెక్టిఫయర్ గానీ పోయుంటుంది. హెడ్‌లైట్ డూము విప్పి లోపలి వైర్లు చూడండి. రకరకాల రంగుల ముక్కలు మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) ఖర్చు రాసుకోండి. అక్కడే ఎండిన బురద చారలు కనిపిస్తే అది వరదలో మునిగిన బండి అయ్యుంటుంది. ట్యాంకు లోపలికి టార్చి వేసి చూడండి. పైపై తుప్పు సిట్రిక్ యాసిడ్ నీళ్లతో పోతుంది, తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. అతుకుల దగ్గర చెమ్మ కనిపిస్తే ఆ ట్యాంకు మీద ఆశ పెట్టుకోవద్దు.

విప్పేసిన బండి ఎందుకు వద్దంటున్నామంటే, లేనిదేమిటో కొనేటప్పుడు కనిపించదు. పిస్టన్, హెడ్డు ఎదురుగానే ఉంటాయి. గేరు షాఫ్టు మీది థ్రస్ట్ వాషరు, డోవెల్ పిన్ను, మాగ్నెట్ కీ లాంటివి బిగించేటప్పుడే గుర్తొస్తాయి. ఉత్పత్తి ఆగిపోయిన మోడల్ అయితే ఒక్క వాషరు కోసం మొత్తం పని ఆగిపోతుంది. సీడీఐ (ప్లగ్గుకు స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ పెట్టె), తాళం సెట్టు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, సైడు ప్యానెళ్లు లేని బండికీ ఇదే వర్తిస్తుంది.

నాలుగు సిలిండర్ల పెద్ద బండి చవగ్గా కనిపిస్తే పై ఖర్చులన్నీ నాలుగింతలుగా ఊహించుకోండి: నాలుగు కార్బొరేటర్లు, 16 వాల్వులు, షిమ్ములతో (పలచని బిళ్లలతో) సర్దే ట్యాపెట్లు, రేడియేటరు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం జారకుండా ఆపేది) మాడ్యూల్ పోయిన బండిని మొదటి రిపేరు బండిగా తీసుకోవడం మా ఉద్దేశంలో పొరపాటు.

ఇంటికొచ్చి కాగితం మీద పార్టులు, లేత్ పని, కూలీ విడివిడిగా రాసి, మొత్తానికి మూడో వంతు కలపండి. విప్పాక బయటపడేవి ఎప్పుడూ ఉంటాయి. దానికి అడిగిన రేటు కూడితే, అదే మోడల్ బాగా నడుస్తున్న బండి ధరలో ముప్పావు వంతు దాటకూడదు. దాటితే ఆ నడుస్తున్న బండే కొనుక్కోండి. ఇక ఎంత చవకైనా ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు కాగితాలతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. నంబరు చెక్కిన చోట గీకినట్టున్నా, బండి మీద అప్పుండి అది తీరిన రుజువు లేకపోయినా అక్కడితో మాటలు ఆపేయండి.

కొనేశారనుకుందాం. హెడ్డు విప్పకముందే పిస్టన్ ఆర్డర్ పెట్టొద్దు. ముందు బోరును పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలిపించండి. ఏ సైజుకు వెళ్లాలో అప్పుడు తేలుతుంది. ఆ సైజు పిస్టన్ కొని, దాన్నే లేత్ షాపులో చేతికిచ్చి, దాని కొలతకు తగ్గట్టు బోరు చేయించుకోండి. పాత సర్‌క్లిప్పులు మళ్లీ వాడొద్దు.