తామరకి చీటీ లేకుండా ఇచ్చే "అన్నిటికీ ఒకటే" ట్యూబుతో జాగ్రత్త

తిరుపతిలోనో చిత్తూరులోనో మందుల షాపు ముందు నిలబడి "దురదకి ఏదన్నా ఆయింట్‌మెంటు ఇయ్యన్నా" అని అడిగే అలవాటున్న అందరికీ ఈ మాట. డాక్టరు చీటీ అడక్కుండా చేతిలో పెట్టే ఆ ట్యూబు పెట్టెను తిప్పి, చిన్నక్షరాలు చదవండి. క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్ పేరు కనబడితే డబ్బులు తీయకముందే తిరిగి ఇచ్చేయండి.

మా అక్క కొడుకు తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఎండాకాలం, చెమట, పొద్దస్తమానం బిగుతు జీన్సు. నడుము చుట్టూ, గజ్జల్లో తామర లేచింది. అమ్మకి చెప్పుకోలేక, డాక్టరుకి చూపించుకోలేక, బస్టాండు దగ్గర ఒక షాపులో అడిగాడు. "ఫంగస్‌కి, చీముకి, దురదకి అన్నిటికీ ఇదొకటే, అందరూ ఇదే తీసుకుపోతారు" అని ఒక ట్యూబు ఇచ్చారు. చీటీ అడగలేదు, బిల్లూ ఇవ్వలేదు. రెండ్రోజుల్లో దురద మాయం. పూయడం ఆపిన కొన్నాళ్లకే ముందుకంటే పెద్దగా పాకింది. మళ్లీ అదే షాపు, అదే ట్యూబు. నెలల తరబడి ఇదే తంతు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చూస్తే కడుపు మీదికి, తొడల కిందికి దిగి ఉంది. గజ్జల్లో ఊదారంగు చారలు, కానుపైన ఆడవాళ్ల పొట్ట మీద ఉంటాయే, అట్లాంటివి. ఇరవై ఏళ్ల మగపిల్లాడికి.

ఆ ట్యూబులో ఉన్నవి నాలుగు మందులు: క్లోబెటాసాల్, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్. తామర ఫంగస్ మీద పనిచేసేది చివరిదొక్కటే. ఓఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్. ఆర్నిడజోల్ అయితే అమీబా విరేచనాలకి మింగే మాత్రల్లో ఉండే మందు, దానికి గజ్జల్లో ఏం పనో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అసలు కిటుకంతా క్లోబెటాసాల్‌ది. చర్మానికి పూసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే ఘాటైన వర్గంలోది అది. ఫంగస్ మీద ఒళ్లు చేసే పోరాటమే మనకి ఎరుపుగా, దురదగా తెలుస్తుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. ఇంట్లో దొంగ అట్లాగే ఉన్నాడు, అరిచే కుక్క నోరు మాత్రం కట్టేశారన్నమాట. పైన గుండ్రటి అంచు చెరిగిపోయి, చూస్తే తామరే కాదనిపించేలా మారిపోతుంది. అందుకే మా వాడికి డాక్టరమ్మ కంటితో చూసి ఊరుకోకుండా చర్మం మీది పొట్టు గీకి, మైక్రోస్కోపు కింద చూసి ఖాయం చేసుకున్నారు.

స్టెరాయిడ్ వల్ల పడ్డ ఆ చారలు పూర్తిగా పోవని అప్పుడే చెప్పేశారు. తామర తగ్గుతుంది, మాత్రలు వారాల తరబడి వాడాలి, దురద పోయిందని మధ్యలో ఆపకూడదు, తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వాళ్లకే ఉండాలి, ఒకే గదిలో ఎవరికైనా ఉంటే వాళ్లూ చూపించుకోవాలి అన్నారు. ఇంకో మాట కూడా. మన దేశంలో తామర ఇప్పుడు మునుపటిలా లొంగడం లేదు. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన ఫంగస్ రకం ఒకటుంది, టెర్బినాఫిన్‌కి అది చాలామందిలో లొంగదు. అంటే ఆ ట్యూబులో పనికొచ్చే ఒక్క మందు కూడా పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

స్టెరాయిడ్ అంటేనే విషమని నేననడం లేదు. సొరియాసిస్‌కి, ఎగ్జిమాకి డాక్టర్లు ఇదే క్లోబెటాసాల్ రాస్తారు. కానీ లెక్క ఉంటుంది: వరసగా రెండు వారాలు దాటకూడదు, వారానికి 50 గ్రాములు మించకూడదు. ముఖం, చంకలు, గజ్జలు లాంటి పలచటి చర్మం మీద అసలు వద్దు, అక్కడ మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. మనవాళ్లు సరిగ్గా అక్కడే పూస్తున్నారు.

అలిపిరి మెట్లెక్కి దిగాక తొడలు ఒరుసుకుని మంట పుడుతుంది చూడండి, దానికీ ఈ ట్యూబే ఇస్తున్న షాపులున్నాయి. ఒరుపుకి స్టెరాయిడ్ ఎందుకు? శుభ్రంగా కడిగి, తడి లేకుండా తుడుచుకుని కాస్త వాసెలిన్ రాస్తే చాలు.

ఆడపిల్లలకి ఇంకో రకం ట్యూబు అంటగడతారు, మంగుకి, తెల్లబడడానికి అని. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన మందు అది. డాక్టరు కొన్ని వారాలకని రాసేదాన్ని నెలలకొద్దీ ఫేస్ క్రీములాగా పూస్తే చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి, ఎండలోకి వెళ్తే మండుతుంది. గర్భం మీద ఉన్నవాళ్లు దాని జోలికే పోకూడదు. ఇప్పటికే చాలాకాలంగా పూస్తుంటే ఉన్నట్టుండి మానేయకండి, ముఖం ఒక్కసారిగా మండిపోతుంది. ముందు చర్మ డాక్టరుని కలవండి, ఎట్లా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చెబుతారు. తిరుపతిలో సర్కారు రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ఫీజుకి భయపడి షాపువాడి దగ్గరికి పోనక్కర్లేదు.

స్టెరాయిడ్ పేర్లు గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బీటామెథాసోన్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్, ఫ్లూటికాసోన్... చివర "సోన్" అని వచ్చిందంటే అనుమానించండి. క్లోబెటాసాల్ మాత్రం ఈ గుర్తుకి దొరకదు, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోండి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులకి ఉన్న మినహాయింపు తీసేసి, చీటీ లేనిదే అమ్మకూడదంది. షెడ్యూల్ హెచ్ అని, రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని పెట్టె మీదే ఇంగ్లీషులో అచ్చేసి ఉంటుంది. ఆ అచ్చు చూపించి నేను అడిగితే షాపాయన నవ్వి, "ఇవన్నీ చూస్తే వ్యాపారం జరగదు సార్" అన్నాడు.

ఎవరైనా ఇట్లా మోసపోయి ఉంటే పెట్టె, ట్యూబు పారేయకండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనబడేలా ఫొటో తీసి, బిల్లు జతచేసి, జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మా వాడికి బిల్లు ఇవ్వకపోవడమే మాకు అడ్డమైంది, ఆ షాపులోనే కొన్నామని చూపించడానికి చేతిలో కాగితం లేదు. మీరు మాత్రం కొన్న వెంటనే బిల్లు అడగండి. ఇవ్వనంటే ఆ షాపులో మందు కొనకండి.