నల్గొండ పటాకుల స్టాల్: కొనొచ్చు, కానీ డబ్బా తిప్పి చూసి

ఈ దీపావళికి ప్రకాశం బజార్ వైపు పోకుండా మైదానంలో వేసిన పటాకుల స్టాళ్లకే వెళ్లాం. కొన్నది ఒక్క స్టాల్‌లోనే, పేరు రాయట్లేదు, ఎందుకంటే మెచ్చుకునేదీ ఉంది, తిట్టేదీ ఉంది.

రేకుల షెడ్డు, పక్క స్టాల్‌కు రూల్ ప్రకారం ఉండాల్సిన 3 మీటర్ల ఖాళీ నిజంగానే వదిలారు, లైసెన్స్ కాగితం ఎదురుగానే వేలాడుతోంది, ఇసుక బకెట్లు పేరుకు కాకుండా నిండుగా ఉన్నాయి. బీడీ నోట్లో పెట్టుకుని వచ్చిన ఒకాయనను కౌంటర్ దగ్గరి పిల్లగాడు "కాకా, అది ఆర్పేసి రా, లేకుంటే అందరం పోతాం" అని మొహమాటం లేకుండా వెనక్కి పంపాడు. అక్కడే సగం నమ్మకం కుదిరింది నాకు.

రేట్లు మాత్రం ఉత్త డ్రామా. "70 శాతం డిస్కౌంట్" బోర్డు చూసి మురిసిపోకండి, ఎమ్మార్పీయే ఎక్కడో ఆకాశంలో వేస్తారు, తగ్గించాక వచ్చేదే అసలు ధర. బేరమాడితే ఇంకొంచెం దిగారు.

గ్రీన్ క్రాకర్స్ (కాలుష్యం తక్కువ చేసే పటాకులు) అయితే డబ్బా మీద నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ ఆకుపచ్చ లోగో, క్యూఆర్ కోడ్ ఉండాలి. కాకరపువ్వొత్తులు, భూచక్రాలకు ఉన్నాయి, ఒక రాకెట్ల ప్యాకెట్‌కు మాత్రం కోడ్ స్కాన్ చేస్తే ఏమీ రాలేదు, తిరిగిచ్చేస్తే గొణక్కుండా తీసుకున్నారు. తిట్టాల్సింది ఇక్కడే: పక్కాయన వెయ్యివాలా ఉందా అనగానే బల్ల కింద నుంచి తీశారు! ఇలా వరసగా గుచ్చిన పటాకుల దండలు, అంటే లడీలు, అమ్మొద్దు, కాల్చొద్దు అని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, బేరియం అనే రసాయనం వేసినవి కూడా వద్దంది. లైసెన్సేమో అందరికీ కనపడేలా, లడీలేమో బల్ల కింద, ఇదేం లెక్కో.

చిచ్చుబుడ్లు బాగా లేచాయి, పొగ తక్కువే గానీ అసలు లేదని కాదు. భూచక్రాలు కొన్ని తుస్సుమన్నాయి, అలాంటివాటి మీదకు వంగి మళ్లీ వెలిగించకండి, కాసేపాగి నీళ్లు కుమ్మరించేయడమే. కాలిన కాకరపువ్వొత్తి తీగలు కూడా బకెట్ నీళ్లలోనే వేశాం, చెప్పుల్లేకుండా ఉరికే పిల్లలు చీకట్లో తొక్కేది వాటినే. కోర్టు ఇచ్చిన టైమ్ రాత్రి 8 నుంచి 10, మా గల్లీలో ఆ తర్వాత కూడా మోగుతూనే ఉన్నాయి, అది స్టాల్ తప్పు కాదులెండి.

5కి 3 స్టార్లు, ఆ బల్ల కింది సరుకు మానేస్తే 4 ఇస్తా. వెళ్లేవాళ్లు పండగ ముందురోజు పొద్దున్నే వెళ్లండి, బిల్లు అడిగి తీసుకోండి, అడగనిదే ఇవ్వరు.