వైజాగ్ బీచ్ రోడ్డులో విమానం: నాలుగేళ్ల పాపతో టీయూ-142 మ్యూజియం

వైజాగ్ వెళ్తున్నామంటే చాలు, ప్రతి ఒక్కరూ చెప్పే మాట "ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ చూడండి" అని. చూడాల్సిందే, కాదనను. కానీ ఐదేళ్ల లోపు పిల్లలు వెంట ఉంటే ముందు వెళ్లాల్సింది సబ్‌మెరైన్‌కి ఎదురుగా, రోడ్డుకి ఇవతల ఉన్న టీయూ-142 విమానం దగ్గరికని నా గట్టి అభిప్రాయం. మేం మా పాపతో, అత్తయ్యగారితో కలిసి వెళ్లొచ్చాక ఆ అభిప్రాయం ఇంకా బలపడింది.

విజయవాడ నుంచి పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి వైజాగ్‌లో ఉంటాం. చంటిపిల్లలతో పగటి రైలే హాయి. ఈ మ్యూజియానికి సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు కాబట్టి పొద్దున్నే హడావుడిగా పరిగెత్తాల్సిన పని లేదు. పాప భోంచేసి ఓ కునుకు తీసి లేచాక వెళ్లాం. ఆదివారం సాయంత్రం మాత్రం పెట్టుకోకండి. బీచ్‌కి వచ్చిన జనమంతా అటే వస్తారు. అంత రద్దీలో చిన్నపిల్లలు తలెత్తి చూసే అవకాశమే ఉండదు.

విమానం కథ కాస్త తెలుసుకుని వెళ్తే పిల్లలకి చెప్పడం సులువు. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ రకం విమానాలు 1988లో మన నౌకాదళంలో చేరాయి. సముద్రం మీద గంటల తరబడి ఎగురుతూ జలాంతర్గాముల జాడ పట్టడం వీటి పని. మొదట గోవాలో, తర్వాత తమిళనాడులోని అరక్కోణంలో ఉండేవి. 29 ఏళ్లు సేవ చేసి, సుమారు 30 వేల గంటలు ఒక్క ప్రమాదం కూడా లేకుండా ఎగిరి, 2017 మార్చిలో రిటైరయ్యాయి. వాటిలో ఒకటి ఆ ఏప్రిల్‌లోనే వైజాగ్‌లోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగాకి ఎగిరొచ్చింది. అక్కడ దాన్ని భాగాలుగా విడదీసి, రోడ్డు మీదుగా బీచ్‌కి తెచ్చి, మళ్లీ బిగించారు. డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. ఈ చివరి ప్రయాణం సంగతి పాపకి బాగా నచ్చింది. "రెక్కలు ఊడదీస్తే దానికి నొప్పి పుట్టదా?" అని ఒకటే ప్రశ్నలు.

అసలు చూడాల్సింది బయటే ఉందంటాను. ఈ చివర నుంచి ఆ చివరకి 50 మీటర్ల రెక్కలు, అంతకంటే కాస్త ఎక్కువ పొడవు. బొమ్మల పుస్తకంలో అరచేతిలో పట్టే విమానాన్ని చూసిన పిల్ల దాని కింద నిలబడగానే నోరు తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత ప్రొపెల్లర్ల దగ్గర ఆగింది. ఒక్కో ఇంజన్‌కి ముందొకటి వెనకొకటి, జంట ప్రొపెల్లర్లు. ఒక్కోదానికి నాలుగు రెక్కలు. "అమ్మా, దీనికి రెండు ఫ్యాన్లున్నాయి!" అంది. ఒకటి ఇటు, ఒకటి అటు తిరుగుతాయని చెప్పి రెండు చేతులూ ఎదురెదురు దిక్కుల్లో తిప్పి చూపించాను. పాపకి ఒక చెయ్యి తిరిగితే రెండోది ఆగిపోతుంది, మళ్లీ మొదలు. అక్కడ ఎంతసేపున్నామో తెలియదు. ఇలా ఎందుకు పెట్టారో మావారు నాకు చెప్పారు. ఒక్క ఇంజన్ బలమే దాదాపు 15 వేల హార్స్‌పవర్. అంత బలాన్ని ఒక్క ప్రొపెల్లర్‌తో వాడుకోవడం కష్టం. పైగా రెండూ ఎదురు దిశల్లో తిరిగితే విమానాన్ని ఒక పక్కకి మెలిపెట్టే బలం రద్దయిపోతుందట. చప్పుడు విషయంలో కూడా ఈ ఇంజన్లకి ప్రపంచమంతా పేరుంది.

ప్రదర్శనశాలలో నౌకాదళం వాడిన పరికరాలు, ఇంజన్, సోనోబాయ్‌లు ఉన్నాయి. మాకు ఆడియో గైడ్ ఇచ్చారు. పెద్దవాళ్లకి చాలా ఉపయోగం. నాలుగేళ్ల పిల్ల మాత్రం రెండు నిమిషాల్లో చెవిలోంచి తీసేసింది. చిన్నపిల్లలున్నప్పుడు అన్నీ చూడాలని పట్టుబట్టకండి. రెండు మూడు వస్తువులు ఎంచుకుని కథలా చెప్పండి. నేను సోనోబాయ్ ఎంచుకున్నాను. విమానం పైనుంచి దీన్ని సముద్రంలో పడేస్తుంది. నీళ్లలోకి మైకు దిగి, కింద జలాంతర్గామి చప్పుడు వినిపిస్తే రేడియోలో పైకి చెబుతుంది. అంటే దాగుడుమూతలే అన్నాను. పాప వెంటనే రోడ్డు అవతలకి వేలు చూపించి "దాన్ని ఇది పట్టేసిందా?" అంది. ఆ సబ్‌మెరైన్ కూడా మనదేనని, రెండూ ఒకే జట్టని చెబితే గానీ కుదుటపడలేదు. వెతికేదీ, దాక్కునేదీ ఇలా ఎదురెదురుగా ఉండటం చిన్నపిల్లలకి ఎంత మంచి పాఠమో అక్కడే తెలిసొచ్చింది.

విమానం లోపల ఇరుకు. మెట్లెక్కాలి. చంటిబిడ్డ బండి లోపలికి తీసుకెళ్లే ఆలోచన మానుకోండి, ఎత్తుకోవడమే నయం. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిడ కిందే ఉండి రెక్కల నీడన కూర్చున్నారు. ఆవిడకేం విసుగనిపించలేదు.

పక్కనే సీ హారియర్ మ్యూజియం కూడా ఉంది. విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విరాట్ మీంచి ఎగిరిన రకం, నిట్టనిలువుగా కిందికి దిగగల విమానం. అప్పటికే పాప అలసిపోయింది, త్వరగా చూసి వచ్చేశాం. అదే రోజు సబ్‌మెరైన్ కూడా అని మావారు అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. కురుసుర 1969 నుంచి 2001 దాకా పనిచేసిన అసలైన జలాంతర్గామి, లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి చిన్న ద్వారాల్లోంచి వంగి దూరాలి. ఆరేడేళ్ల పిల్లలకి అది సాహసం, అలసిన నాలుగేళ్ల పిల్లకి ఏడుపు.

బస విషయానికొస్తే, రుషికొండలో ఉంటే సముద్రం బాగుంటుంది, ప్రశాంతంగా ఉంటుంది. కానీ అక్కణ్నుంచి ఆర్కే బీచ్‌కి ఆటోలో వచ్చి వెళ్లేసరికి పిల్లలు ఒళ్లో నిద్రపోతారు. మ్యూజియాల కోసమే వస్తే బీచ్ రోడ్డుకి నడిచే దూరంలో దిగడం మంచిది. మేం దిగిన హోటల్లో సముద్రం కనిపించే గది ఇచ్చారు. బాల్కనీ కటకటాల మధ్య ఖాళీ చూసి నాకు గుండె ఆగినంత పనైంది, పాప తల పట్టేలా ఉంది. రిసెప్షన్‌లో చెబితే బాల్కనీ లేని గదికి మార్చారు. అద్దె మాత్రం తగ్గించలేదు. సీ వ్యూ కోసం డబ్బు పోసే ముందు బాల్కనీ ఎలా ఉందో ఫోన్ చేసి అడగండి.

సాయంత్రం ఇసుకలో కూర్చుని ముంత మసాలా తిన్నాం. పాపకి కారం లేకుండా కలిపించాం. ఆర్కే బీచ్‌లో అలల లాగుడు ఎక్కువ. పిల్లలు పాదాలు తడుపుకోవాలన్నా పెద్దవాళ్లు చెయ్యి వదలకూడదు, ఈత ఊసే వద్దు. మర్నాడు కైలాసగిరి మీద టాయ్ ట్రైన్ ఎక్కించాం. పాప "ఇది ఎగరదా?" అని అడిగి, ఎగరదనగానే మళ్లీ బీచ్ దగ్గర విమానానికే పోదామంది. రైలుకి టైముంది కాబట్టి తీసుకెళ్లాం. టికెట్ కొనకుండా రోడ్డు మీంచే చూసి, ఎన్ని ఫ్యాన్లున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి, స్టేషన్‌కి ఆటో ఎక్కింది.