హైబ్రిడ్ సైకిల్: రెండేళ్లు తొక్కాక

డిగ్రీ అయ్యాక సైకిల్ మానేశాను. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక, నలభై ఆరేళ్లకు మళ్లీ ఎక్కాను. ఉండేది హైదరాబాద్ మణికొండలో. ఇరవై వేలకు కాస్త అటూ ఇటూగా 21 గేర్ల హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ బైక్‌కూ మధ్యరకం) కొన్నాను. రెండేళ్లలో 4,100 కిలోమీటర్లు తిరిగింది.

మొదటి నెల మోకాళ్ల నొప్పులతో అమ్మేద్దామనుకున్నాను. రెండు పాదాలూ నేలకు ఆనేలా షాపులో సీటు పెట్టించుకున్నాను, చిన్నప్పటి అలవాటు మరి. ఒకరోజు నార్సింగి దగ్గర మంచినీళ్లకు ఆగితే ఓ పెద్దాయన చూసి, "ఏం సార్, సీటు ఇంత కిందికి పెట్టుకున్నరు? మోకాళ్లు పోతయ్" అని బ్యాగులోంచి సీటు బోల్టు తిప్పే అలెన్ కీ తీశారు. పెడల్‌ను పూర్తిగా కిందికి దించి, మడమ దాని మీద పెట్టమన్నారు. అప్పుడు కాలు నిటారుగా రావాలట. ఆ తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. నా సీటు నాలుగు వేళ్లు పైకి లేచింది. రెండు వారాల్లో నొప్పి పోయింది. ఆయనకు ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో!

ఇంకో పొరపాటు, పెద్ద గేరులో బలం పెట్టి తొక్కడం. ఇప్పుడు ఖాజాగూడ ఎత్తు మొదలవకముందే గేరు తగ్గించేస్తాను. కాళ్లు త్వరగా తిరుగుతాయి, ఆయాసం రాదు.

ఎక్కువగా తొక్కేది ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీదే. 2023 అక్టోబర్‌లో మొత్తం 23 కిలోమీటర్లతో మొదలైంది. నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్తే ఏప్రిల్‌లో ఎనిమిదింటికి కూడా నెత్తిన ఎండ పడదు. నాలాంటి వాళ్లకు ట్రాఫిక్ టెన్షన్ లేకుండా అలవాటు పడేందుకు ఇంతకన్నా మంచి చోటు ఊళ్లో నాకు కనిపించలేదు. ట్రాక్ దాకా వెళ్లే రోడ్డు మీద మాత్రం జాగ్రత్త.

సైకిల్‌లో లోపాలూ ఉన్నాయి. మడ్‌గార్డులు లేకుండా ఇచ్చారు, మొదటి వానకే వీపంతా బురద. వెనక చక్రం స్పోకులు రెండుసార్లు తెగాయి, రిమ్ము బెండు తీయించాల్సి వచ్చింది. గంట దాటితే అరచేతులు తిమ్మిరెక్కుతాయి. సీటుకు మెత్తటి జెల్ కవరు వేస్తే తొడలు ఒరుసుకుని ఇంకా ఇబ్బందైంది. అది తీసేసి ప్యాడ్ ఉన్న షార్ట్స్ కొన్నాక హాయిగా ఉంది. ట్యూబు వాల్వు బైకులకుండే రకమే కాబట్టి పంక్చర్ షాపులో ఎక్కడైనా గాలి పట్టించుకోవచ్చు. చైనుకు ఇంజిన్ ఆయిల్ పోయకండి, దుమ్ము పట్టి నల్లగా ముద్ద కడుతుంది. పాత బనియన్ గుడ్డతో తుడిచి, చైను లూబ్ ఒక్కో చుక్క వేస్తే చాలు.

కొనేముందు ఫ్రేము సైజు మీ ఎత్తుకు సరిపోతుందో లేదో ఎక్కి చూసుకోండి. సీటు పైకీ కిందికీ జరుపుకోవచ్చు, ఫ్రేమును ఏం చేయలేం.